యాకూబ్ అన్న ఖాళీగా వదిలిన బుడగ

నిన్న పొద్దున స్టాఫ్‌రూంలో ఉండగా ఫోన్ వచ్చింది. మా పాలకుర్తి యాకూబ్ అన్న గుండెపోటుతో పోయాడట.

నమ్మలేదు. మొన్ననే కొత్త కామిక్ పేజీలు వాట్సాప్‌లో పెట్టి "చెల్లె, జర చూసి చెప్పు" అని నాలుగుసార్లు అడిగిన మనిషి.

ఏడుపొస్తోంది. కానీ అన్న గురించి చెప్పాలంటే నాకు హుషారే ముందొస్తుంది. ఏం చేయను.

పొద్దంతా షాపుల బోర్డులు రాసేవాడు. మిగతా టైమంతా కామిక్సే. సిటీలో ఒక పబ్లిషర్ "బొమ్మలు సూపర్, భాష మార్చండి" అంటే పేజీలు చంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చేశాడు.

"మనోళ్ల మొఖాలకు వేరేటోళ్ల మాటలెట్ల పెడ్త?"

అప్పుడే తెలంగాణ ఉద్యమం. ఊళ్లో దీక్ష టెంటు. నేను డిగ్రీలో ఉన్నా. టెంటులో కూర్చున్న అందరినీ అన్న కామిక్‌లో గీశాడు. తలపక్కన మాటల బుడగ గీసి ఖాళీగా వదిలేవాడు. ఎవరి బుడగ వాళ్లే నింపాలి. రాయరానివాళ్లు చెబితే ఉన్నదున్నట్టు తనే రాసేవాడు.

నన్ను మైకు ముందు గీశాడు.

నిజానికి ఆ రోజు మైకు పట్టుకుని ఒక్క ముక్క మాట్లాడకుండా దిగిపోయాను. హాస్టల్లో నా యాసకు నవ్వినవాళ్లు గుర్తొచ్చారు. బుడగ కూడా నింపలేదు.

"ఏదో ఒకటి నువ్వే రాయన్నా."

"నీ మాట నేనెట్ల రాస్తనే? గట్లనే ఉండనియ్."

అట్లాగే జిరాక్స్ కొట్టించి జనగామ నుంచి భూపాలపల్లి దాకా పంచేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

వారం తర్వాత చూడాలి తమాషా. కాపీలు చేతులు మారి మారి టెంటుకే తిరిగొచ్చాయి. నా ఖాళీ బుడగను ఎవరికి తోచింది వాళ్లు నింపేశారు. పెద్దవంగరలో ఎవరో "మా ఊరికి బస్సెప్పుడేస్తరు?" అని రాశారు. కొత్తగూడ కాపీలో "పోడు భూములకు పట్టాలియ్యాలె". ఒకామె అయితే "ముందుగాల మా ఆయన తాగుడు బంద్ కావాలె" అని.

అన్న ఒక్కొక్కటీ చదువుతుంటే టెంటంతా పడీపడీ నవ్వు.

"చూసినవా చెల్లె, నీ నోట్లకెళ్లి ఎంతమంది మాట్లాడుతున్నరో."

ఆ సాయంత్రమే మైకు పట్టుకున్నాను. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను. ఇవాళ్టికీ క్లాసులో పాఠం చెప్పేదీ అదే యాసలో.

నా కాపీలో బుడగ మాత్రం ఇన్నేళ్లూ ఖాళీగానే ఉంది. కలిసినప్పుడల్లా "నింపినవా?" అనేవాడు. "రాస్తలే అన్నా" అనేదాన్ని.

నిన్న ఇంటికొచ్చి నింపాను. ఆ పేజీ ఫొటో ఈ పోస్టు కింద పెట్టాను. బుడగలో రాసింది ఇదే:

"రాసిన అన్నా. జర చూసి చెప్పు."

పైలంగ పో యాకూబ్ అన్నా. నిమ్మళంగ పండుకో.