ఖలీల్ ఖాళీగా వదిలిన గడి

సోహార్ పారిశ్రామిక ప్రాంతంలో పైపులైను పని చేస్తున్న ఓ కంపెనీకి నేను సిబ్బంది అధికారిగా వెళ్ళింది పదవీ విరమణకు మూడేళ్ళ ముందు. అప్పటికి ఒమాన్‌లో ఎన్.ఓ.సి. నిబంధన ఇంకా అమల్లో ఉంది. పాత కంపెనీ తనకు అభ్యంతరం లేదని ఉత్తరం ఇస్తేనే మనిషి అక్కడ మరో కంపెనీలో చేరగలడు. లేకపోతే దేశం విడిచి వెళ్ళాల్సిందే.

ప్రాజెక్టు ముగిశాక మనుషుల్ని బ్యాచీలుగా ఇళ్ళకు పంపడాన్ని మేం డీమొబ్ అనేవాళ్ళం. ఆ జాబితాలో పేరు, హోదా, పాస్‌పోర్టు నంబరు, చివర సొంత ఊరి విమానాశ్రయం రాసే గడి. జగిత్యాల కూలీకైనా, కాకినాడవాణ్ణైన నాకైనా హైదరాబాద్ అని రాస్తే సరిపోయేది. సీనియర్ సర్వేయరు ఖలీల్ మాత్రం సెలవు ఫారంలోనూ ఆ గడిని ఏటా ఖాళీగా వదిలేసేవాడు. పందొమ్మిది వందల నలభై ఎనిమిది యుద్ధంలో వాళ్ళ తాతను పాలస్తీనాలోని సొంత ఊరి నుంచి వెళ్ళగొట్టారు. కొత్త సరిహద్దుకు అవతల ఉండిపోయిన ఆ ఊరికి మళ్ళీ పోనివ్వలేదు. ఖలీల్ సిరియాలోని శరణార్థి శిబిరంలో పుట్టాడు. అక్కడా యుద్ధం వచ్చి భార్యా కూతుళ్ళూ లెబనాన్‌కు పారిపోయారు. ఇదంతా ఆయన ఫైల్లో ఉంది. నేను చదివాను కూడా.

ఖాళీ గడి కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పాస్‌పోర్టు బదులు ఆయనకున్న ప్రయాణ పత్రం సిరియాది కాబట్టి డమాస్కస్ అని నేనే రాసేశాను.

ఖలీల్ వచ్చి, పక్క కంపెనీలో ఉద్యోగం దొరికిందని, ఎన్.ఓ.సి. ఒక్కటి ఇప్పిస్తే చాలని అడిగాడు. సిరియా వెళ్తే తనలాంటివాళ్ళను లెబనాన్ వాళ్ళు సరిహద్దు దాటనివ్వరని, ఒమాన్ ఉద్యోగం పోతే సెలవుల్లోనైనా పిల్లల్ని ఇక చూడలేనని చెప్పాడు. మేనేజరు సంతకానికి వెళ్ళే ఫోల్డరు నా బల్ల మీదే ఉంది, ఆ ఉత్తరం టైపు చేయించి అందులో పెడితే సరిపోయేది. జాబితాకు ఆమోదం వచ్చేసిందని, ఇప్పుడు మార్చడం కుదరదని చెప్పాను. నా సర్వీసు మొత్తంలో ఒక్క జాబితా వెనక్కి రాలేదని నాకు మహా గొప్ప. రాయడానికే సిగ్గేస్తోంది.

ఆయన కింద పనిచేసిన గంగారాం తన టికెట్ కోసం వచ్చి అంతా విన్నాడు.

"ఖలీల్ సాబ్‌కు ఊరే లేదు గద సార్. ఏడికి తోలుతున్నరు ఆయన్ని?" అన్నాడు.

నీ టికెట్ సంగతి చూసుకో అని కసిరాను.

ఖలీల్ గొడవ పెట్టుకోలేదు. టికెట్ అందినట్టు రసీదు మీద సంతకం చేశాడు. అందులోనూ ఆ గడి ఖాళీగా వదిలాడు. ఆయన వెళ్ళాక దాన్నీ నేనే నింపాను.

నెల తర్వాత పక్క కంపెనీ అధికారి ఫోన్ చేసి, ఆ పోస్టు ఇంకా ఖలీల్ కోసమే అట్టేపెట్టామని, ఉత్తరం ఎప్పుడు పంపుతారని అడిగాడు. అప్పటికే ఆయన డమాస్కస్‌లో, ఇల్లాలూ పిల్లలూ సరిహద్దుకు అవతల. ఇప్పటికీ అంతేనని ఈమధ్యే గంగారాం చెప్పాడు.

మనిషి ఖాళీగా వదిలిన గడి కూడా జవాబే. అడక్కుండా దాన్ని నింపకూడదు. మిగిలిన ఉద్యోగకాలమంతా ఈ నియమం పాటించాను. దానివల్ల నా జాబితాలు రెండుసార్లు వెనక్కి వచ్చాయి. సరిచేసి పంపితే అదే వారం ఆమోదమయ్యాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.