ఖాళీగా తిరిగి రాని పొయ్యి

నా నోరు మంచిది కాదని అమ్మ ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. నేను నమ్మడానికి ఒక పొయ్యి కావలసి వచ్చింది.

అబిడ్స్‌లో కొన్న చిన్న గ్యాస్ పొయ్యి అది. పక్క అరలో గ్యాస్ డబ్బా పెట్టి మీట నొక్కితే చాలు. నాంపల్లి స్టేషన్ వెనక మా పాత బిల్డింగులో ఎవరి సిలిండర్ అయిపోయినా ఆ ఇంటికి మా పొయ్యే వెళ్ళేది. పై వాటాలో గుంటూరు టీచరమ్మ ఒకసారి డబ్బా ఖాళీ చేసి తిరిగిచ్చింది. "మా దిక్కు గిన్నె ఇస్తే ఖాళీగ వాపస్ ఇయ్యరు టీచరమ్మా, జర చక్కెరన్న ఏస్తరు," అని నవ్వుతూనే అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

మొన్న ఎండాకాలంలో పొయ్యి మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళింది. ఒకరోజు లక్డీకాపూల్‌లో ఆఫీసు వదిలే వేళకు పొయ్యి కొన్న దుకాణం నుంచి మెసేజ్ వచ్చింది. ఈ మోడల్ పొయ్యిలన్నీ కంపెనీ వెనక్కి తీసుకుంటోందట. డబ్బా బిగించి వదిలేస్తే గ్యాస్ కారుతుందట. వెంటనే టీచరమ్మకు ఫోన్ చేశాను.

"మధ్యాహ్నమే మీ వంటింట్లో గట్టు మీద పెట్టేశానమ్మా. అమ్మగారు కునుకు తీస్తున్నారని లేపలేదు. ఈసారి ఖాళీగా ఇవ్వలేదులే, కొత్త డబ్బా బిగించే పెట్టాను. మేం కోఠీలో ఉన్నాం."

ఏమీ చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. జ్వరం వచ్చి తగ్గినప్పటినుంచి అమ్మకు వాసన తెలియదు. పాలు మాడినా తెలియదు. రోజూ చీకటి పడే వేళకు వంటింట్లో దేవుడి ముందు దీపం పెడుతుంది. ఆమెకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. ఆటోలో కూర్చుని ఎన్నిసార్లు చేశానో గుర్తు లేదు.

తలుపు తోస్తే లోపలంతా మసక చీకటి. గుప్పున వాసన. అలవాటుకొద్దీ నా వేలు స్విచ్ మీదికి పోయింది.

"గాడనే నిలబడు, కదలకు!" అంది అమ్మ, వంటింట్లోంచి, గొంతు తగ్గించి.

వేలు అక్కడే ఆగిపోయింది. అమ్మ కాళ్ళు పైకి ముడుచుకుని స్టూలు మీద కూర్చుని ఉంది.

"గట్టు మీద పాము జొచ్చింది. బుస కొడుతుంది. గట్టిగ పిలిస్తే మీదికొస్తదని పిలవలే. ఫోను గూడ గాడనే ఉన్నది."

నేనూ విన్నాను. సన్నగా, ఆగకుండా.

"చీకటైతుంది, ఇగ పుల్ల గీసి చూద్దామనుకుంటుంటే నువ్వొచ్చినవ్."

ఆమె చేతిలో అగ్గిపుల్ల ఉంది.

కిటికీలు తెరిచి, తడుముకుంటూ పొయ్యి మీట పైకి లాగాను. డబ్బా ఊడింది. బుస ఆగింది.

"పోయిందా?"

"పోయిందమ్మా," అన్నాను. ఆమె చేతిలోంచి అగ్గిపుల్ల తీసుకున్నాను.

కాసేపటికి టీచరమ్మ గుమ్మంలో నిలబడింది. నేను ఫోన్ పెట్టేసిన తీరుకు భయపడినట్టుంది.

"కోపమొచ్చిందా అమ్మా? డబ్బా తప్పుది తెచ్చానా?"

"లేదు టీచరమ్మా, మంచిదే తెచ్చిన్రు," అన్నాను.