నీలి డ్రమ్ములో ముందు ఏముండేది?

మీ ఇంట్లో బియ్యమో నీళ్లో పోసుకున్న నీలి డ్రమ్ములో, అది మీ గడప తొక్కకముందు ఏముండేదో మీకు తెలుసా? నిన్న వాన వెలిశాక పటాన్‌చెరు దాటి వస్తుంటే, రోడ్డు పక్క పాత సామాన్లు అమ్మే కబాడీ దుకాణం ముందు అలాంటి డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. తడిసిన మట్టి వాసన కింద నుంచి పుల్లగా, గొంతు గీరే మరో వాసన వచ్చింది. రసాయనాల ఫ్యాక్టరీల మధ్య బతికే ఇక్కడివాళ్లమంతా దానికి అలవాటుపడ్డాం. నాకు మాత్రం సుగుణమ్మ మేడం గుర్తొచ్చింది.

కంది దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో నా మొదటి ఉద్యోగం. ఆమె అక్కడ హెడ్‌మిస్ట్రెస్, సైన్సు చెప్పేది. ఆదివారం చర్చి మానేది కాదు, సోమవారం ప్రశ్నలు మానేది కాదు. మా సిబ్బందిలో చాలామంది ఊళ్ల నుంచి వచ్చి ఒంటిగది ఇళ్లలో కిరాయికి ఉండేవాళ్లు. పంట చేతికి రాగానే ఏడాదికి సరిపడా బియ్యం తెచ్చుకునే అలవాటు పోలేదు, పెట్టుకునే చోటే పోయింది. అందుకని బడి పక్కన షట్టరున్న దుకాణం గది, మడిగె ఒకటి అందరం కలిసి కిరాయికి తీసుకున్నాం. మేడం బస్తాల కింద చెక్కలు వేయించింది, గోడకు ఆనకుండా జరిపించింది, పురుగుమందు గోళీలు తెచ్చినవాణ్ని గుమ్మంలోనే ఆపింది. ఎలుకల్ని మాత్రం ఆపలేకపోయింది.

అవి మా బడి ఆయా యాదమ్మ బస్తాను కొరికేశాయి. తండ్రి పొలం ప్లాట్లు కాకముందు పండిన ఆఖరి పంట అది. రేకు డబ్బా కొనే స్తోమత లేక ఆమె నీలి డ్రమ్ము తెచ్చింది. చింతపండుతో తోమి, పసుపు రాసి, సాంబ్రాణి పొగ పట్టించి, మిగిలిన బియ్యమంతా అందులో పోసింది. మేడం మూత తీసింది.

"దీన్ల ముందు ఏముండె యాదమ్మా?"

"ఏమో మేడం, తెల్వదు. మంచిగ కడిగిన. సూడు, గుడి లెక్క వాసనొస్తుంది."

"గుడి వాసన నువ్వు పెట్టినవ్. దాని సొంత వాసనేంది?"

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని ఆ డ్రమ్ము అమ్మిన కబాడీ దుకాణానికి వెళ్లింది. అన్నీ షాంపూ డ్రమ్ములే అన్నాడు దుకాణదారు.

"మరి వీటి మీది పేర్ల కాగితాలెందుకు గీకినవ్?"

"సాఫ్‌గ కనబడాలె గద, మేడం."

"సరే. దీన్ల నీళ్లు పోస్త, ఒక్క గ్లాసు తాగు."

"నాకేం కర్మ! మా ఇంట్ల బోరుంది," అని నవ్వాడు. మేడం నవ్వలేదు.

మర్నాడు మేడం ఆ బియ్యం పూడ్చిపెట్టమంటే యాదమ్మ ఏడ్చింది. అన్నం మట్టిపాలు చేస్తే పాపమంది. "నువ్వు ప్రార్థన చెయ్యి మేడం, అన్నీ సక్కగైతయ్," అని కూడా అంది. "ప్రార్థన చేస్త. కాని విషాన్ని ప్రార్థన కడగదు," అంది మేడం. నేను చదువుకున్న గర్వంతో, అందులో విషం ఉందని రుజువేమిటన్నాను. ఆమె నా వైపు తిరిగింది. "మనమెందుకు చూపాలె రుజువు? తినొచ్చని డ్రమ్మే చూపాలె. తెల్వదంటే తినొద్దనే అర్థం." తన బస్తా తెచ్చి యాదమ్మకు ఇచ్చేసింది. డ్రమ్ములోవి పూడ్చేస్తామని యాదమ్మ భర్త మాటిచ్చి, డ్రమ్మును ఇంటికి దొర్లించుకుపోయాడు.

వానలు పడేనాటికి యాదమ్మ కళ్లు పచ్చబడ్డాయి. వాడకట్టంతా దిష్టి అంది, ఎవరో చేతబడి చేశారంది. ముందు తాయెత్తు, తర్వాత నాటు మందు, అన్నీ అయ్యాక ఆస్పత్రి. మంచం పక్కన కూర్చున్న మేడం చెయ్యి పట్టుకుని యాదమ్మ చెప్పిన మాట నేను విన్నాను. "మీరిచ్చిన బియ్యం మా అమ్మకు పంపిన మేడం. ముసల్ది, తట్టుకోదు. మేం గట్టిగున్నం గదా అని గా డ్రమ్ము బియ్యమే వండుకున్నం."

మేడం మాట ఆమె నమ్మింది. నమ్మింది కాబట్టే మంచి బియ్యం తల్లికి పంపింది. పేదరికంలో నమ్మకం కూడా ఒకరికే సరిపోతుంది.

యాదమ్మ బతకలేదు. చావింటికి వెళ్లేసరికి వాకిట్లో అదే నీలి డ్రమ్ము, నిండా నీళ్లు. వచ్చినవాళ్లు ముంచుకుని తాగుతున్నారు. మేడం డ్రమ్మును రెండు చేతులా తోసి పడేసింది. గోడకు ఆనించిన గునపం అందుకుని అడుగున పొడిచింది.

"చావింట్ల నీళ్లు ఒలకబోస్తవా! నువ్వు మనిషివేనా?" అని యాదమ్మ ఆడబిడ్డ అరిచింది. మేడం మతాన్ని తవ్వి తిట్టినవాళ్లూ ఉన్నారు.

"తిట్టు బిడ్డా. తిట్టినంక బోరు నీళ్లు తాగు," అంది మేడం.

తిరిగి వస్తూ అడిగాను, డ్రమ్మే చంపిందా అని. "తెల్వదు. తెల్వనిది తెలుసని చెప్తే నాకూ తాయెత్తు కట్టినోనికీ తేడా ఏముంది? కాని తెల్వదన్న మాటనే మనం ఆమెకు వడ్డించినం," అంది. ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం ఆ బడిలో పనిచేయలేదు. చావింటి నీళ్లు తన్నిన మనిషని పిల్లల తల్లిదండ్రులు గొణిగారు, యాజమాన్యం విన్నది. ఇప్పుడామె లేదు. డ్రమ్ములున్నాయి. నిన్న ఆ దుకాణం ముందు ఒకామె వాటిని వేలితో తట్టి చూస్తోంది, కుండ కొనేటప్పుడు చూసినట్టు. బండి ఆపి, మేడం అడిగిన ప్రశ్నే అడిగాను. "షాంపూ అంటున్నడు," అంది.

కాబట్టి ఇది చదవడం ఆపి లేవండి. మీ డ్రమ్ములో ముందు ఏముండేదో అమ్మినవాణ్ని అడగండి. నికరంగా చెప్పలేకపోతే అందులోవి తినకండి, తాగకండి. డ్రమ్మును ఇంకొకరికి ఇవ్వకండి. అడుగున చిల్లు పొడవండి. ఈరోజే.