వడగట్టని నీళ్ళు

మొన్న మా మనవడు వంటింట్లో నీళ్ళ మిషన్లు పెట్టించాడు. నీళ్ళ ఉప్పుదనం తగ్గించేది ఒకటి, వడగట్టేది ఒకటి, రెండూ గోడకు పక్కపక్కనే ఉన్నాయి. గ్లాసు నింపి నా చేతికిచ్చి రుచి ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను గాని, సగం తాగి గ్లాసు కింద పెట్టేశాను. గిద్దలూరు వైపు మెట్టపల్లెల్లో పెరిగిన నా ఈడువాళ్ళకు ఎందుకో సగం చెబితే చాలు.

మాది రాచర్ల దగ్గర పల్లె. అవి మద్రాసు ప్రభుత్వపు రోజులు, మేమప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్ళం. ఊళ్ళో చేదబావి ఉండేది గాని, ఆ నీళ్ళు ఎంత ఉప్పంటే, పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికి కూడా బద్దలు బద్దలుగానే ఉండేది, తలంటుకుంటే వెంట్రుకలు అట్టలు కట్టేవి. తాగడానికీ వండడానికీ ఊరి బయటి దిగుడుబావే దిక్కు. రాతిమెట్లు దిగి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. ఆ మెట్లు దిగడానికి పేటలోని కిరస్తానీ కుటుంబాలను, అంటరానివాళ్ళని, రానిచ్చేవాళ్ళం కాదు. వాళ్ళు గట్టున ఖాళీ కడవలతో, ఎవరు పోస్తారా అని ఎదురుచూసేవాళ్ళు. వాళ్ళ ముందునుంచి నిండు కడవతో నేను ఎన్నిసార్లు తలతిప్పుకుని వెళ్ళానో, అది వేరే పాపం.

ఆ తియ్యని నీళ్ళతోపాటే నారికురుపు వచ్చేది. ఎండాకాలంలో కాలిమీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం చొప్పున వారాల తరబడి బయటికి తీయాలి. తొందరపడి లాగితే తెగుతుంది, తెగితే కాలు చీము పడుతుంది. ఇది మా ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నా భార్యది దర్శి పక్క పల్లె. ఆ పురుగు తాగే నీళ్ళతోనే ఒంట్లోకి పోతుందని శానిటరీ ఇన్‌స్పెక్టరు ఒకాయన వాళ్ళ ఊళ్ళో చెప్పాడట. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆమె కర్రచట్రం మీద ఒకదానిపై ఒకటి మూడు కుండలు నిలబెట్టింది. పై కుండలో బొగ్గు, నడిమి కుండలో గుండ్లకమ్మ ఇసుక, రెండింటికీ అడుగున సన్నని చిల్లు, అన్నిటికీ పైన నాలుగు మడతల పాత చీరగుడ్డ. అడుగు కుండలోకి చుక్కచుక్కగా దిగిన నీళ్ళు అద్దంలా ఉండేవి.

అయితే ఆ ఏడే మా నాయన పోయారు. చితి చుట్టూ చిల్లుకుండ భుజాన మోసినవాణ్ణి నేనే. ఇంట్లో ఆ చుక్కల చప్పుడు మా అమ్మ భరించలేకపోయింది.

“ఏందమ్మా కోడలా, మీ మామ పోయి ఏడాదన్నా తిరగలే. పొద్దాక చిల్లుకుండ ముందర కూకోమంటావా నన్ను?” అంది ఒకరోజు.

“కుండలు తీసేస్తాలే అత్తా. గుడ్డ మాత్రం ఉండనీ,” అంది నా భార్య.

గుడ్డకు అమ్మ అడ్డు చెప్పలేదు. చెప్పినవాణ్ణి నేను. అంతకుముందే అరుగు మీద మా పెదనాయన కొడుకు, “ఏంరా, నీ పెండ్లాం చీర పిండితేగాని నీకు నీళ్ళు దిగవంటనే!” అని అందరినీ నవ్వించాడు. ఆ నవ్వు నా నెత్తికెక్కి ఉంది. కుండలు పెరట్లో పడేసి వచ్చి, ఆ గుడ్డను కూడా పొయ్యిలో వేశాను, ఇకమీదట ఈ ఇంట్లో నీళ్ళు వడగట్టడానికి వీల్లేదన్నాను. ఆమె చాటుగా ఏదీ చేసే మనిషి కాదు.

మరుసటి ఎండాకాలానికి ఆమె తొలిచూలు. వాళ్ళమ్మకు చూపు లేదు, తాను వచ్చే వీలు లేదు గనుక పురిటికి కూతురే పోవాలి. గిద్దలూరులో రైలెక్కి దొనకొండలో దిగి బండి కట్టించుకోవాలని మంచిరోజు కూడా పెట్టుకున్నాం. సరిగ్గా అప్పుడే ఆమె మోకాలి పక్కన బొబ్బ లేచింది. కిటికీ లేని గదిలో మంచం పడింది. చాచిన కాలు చాచినట్టే, ఒత్తిగిలాలన్నా మా అమ్మ పట్టుకోవాలి. అమ్మే రోజూ ఆముదం రాసి, పుల్లను ఓపికగా కొంచెం తిప్పి కట్టు కట్టేది. నేను లోపలికి పోయి ఆమె ముఖం చూడలేక, చేనికి పోయి పని చేసుకోలేక, ఆ గుమ్మానికే అతుక్కుపోయాను.

మంచిరోజుకు ముందునాడు మా మామ వచ్చాడు. మంచం చూసి బయటికొచ్చి, “అల్లుడా, పురుగున్న కాలితో బిడ్డను రైలెక్కించలేను. అది బయటికొస్తే తీసకపోతా, లేకుంటే కాన్పు ఈడనే కానీ,” అన్నాడు. ఆ రోజు దాటితే నెలలు నిండుతాయి, ప్రయాణం పనికిరాదు.

“మా అమ్మ కాడికి పోవాల. ఎట్లన్నా చెయ్యి,” అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయ్యాక నన్ను నోరుతెరిచి అడిగింది అదే. అమ్మ నీళ్ళకు పోయిన సమయం చూసి పుల్ల అందుకున్నాను. ఒక చుట్టు వచ్చింది, ఇంకొకటీ వచ్చింది. ఇంక కొంచెమే ఉంటుందనుకుని లాగాను. చేయి ఒక్కసారిగా తేలికైంది.

“తెగిందా?” అంది.

లేదన్నాను.

సాయంత్రానికి కాలు స్తంభంలా వాచింది. మా మామ ఒక్కడే వెనక్కు పోయాడు. కాన్పు ఆ గదిలోనే అయింది, బిడ్డ దక్కాడు. వాపు తీసేనాటికి ఆమె మోకాలు బిగిసిపోయింది, మళ్ళీ మడతపడలేదు. చలికాలంలో బిడ్డతో పుట్టింటికి పోయినప్పుడు వాళ్ళమ్మ మనవడి ముఖం తడిమి, తర్వాత కూతురి మోకాలు తడిమిందట. నా అబద్ధం మాట నా భార్య ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

వంట, తిండి, పూజ, పేరంటం అన్నీ నేలమీదే జరిగే కాలం అది. పెళ్ళిళ్ళలో ఆమె బంతిలో కూర్చోలేకపోయేది. అందరికంటే ఎత్తున కూర్చుని తినడం మర్యాద కాదు గనుక, బంతులన్నీ లేచాక తలుపు వెనక ఎత్తుపీట మీద కాలు చాచుకుని తినేది. కొన్నాళ్ళకు పెళ్ళిళ్ళకు రావడమే మానేసింది. నేను మాత్రం పోయి బంతిలో కూర్చుని తిని వచ్చేవాణ్ణి.

ఇప్పుడు నారికురుపు అంటే ఏమిటని డాక్టర్లే నన్ను అడుగుతున్నారు. ఈమధ్య గిద్దలూరులో ఒక పెళ్ళికి పోతే, నేలమీద ఒక్క విస్తరి కూడా వేయలేదు. అందరూ కుర్చీల్లో కూర్చుని, మోకాళ్ళు బాగున్నవాళ్ళు కూడా కాళ్ళు చాచుకుని తింటున్నారు, ఎవరూ ఎవరి కాళ్ళకేసీ చూడడం లేదు. ఆ వరుసలో ఆమె ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆ కుర్చీలు మా ఊరికి రాకముందే ఆమె పోయింది.