యాదన్న వదిలిన ఖాళీ

మొన్న సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో ఎక్కాను. కాలేజీలో పొద్దుటి నుంచి పాఠాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడే ఓపిక లేదు. సరిగ్గా నా తల వెనక బిగించిన స్పీకరులోంచి మగ్గం చప్పుడు మొదలైంది. టక్, ధన్. టక్, ధన్. దాని వెంటే గరుకైన ఒక మగ గొంతు. “ఎవలు లేరన్నరు? ఎవలు లేరన్నరు?” అని అడిగి ఆగిపోయింది. కాసేపు మగ్గం ఒక్కటే ఆడింది. ఆ ఖాళీలో ఒక ఆడపిల్ల గొంతు చించుకుని అరిచింది. “ఉన్నాడు! ఇదిగో, ఇక్కడే ఉన్నాడు!” ఆ పాట పాడిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. అరిచిన పిల్లను నేనే.

ఆయన పేరు యాదగిరి, మా అందరికీ యాదన్న. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గరి సందులో మొబైల్ దుకాణం ఉండేది. దుకాణం అనగానే పెద్దగా ఊహించుకోకండి, మెట్ల కింద ఇరికించిన గూడు అది. సెల్‌ఫోన్ల మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. వాళ్ళది పోచంపల్లి పక్క పల్లెలో నేతపని చేసే ఇల్లు; తల్లి అప్పటికీ మగ్గం మీద కూర్చునేది. ఎక్కడో అమెరికాలో నల్లజాతి కుర్రాళ్ళు తమ వాడల గురించి, తమ కోపం గురించి పాడిన ర్యాప్ పాటలు ఎవరి కార్డులోంచో ఆయన కంప్యూటరులోకి వచ్చి పడ్డాయి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అదే పనిగా విన్నాడట. “గీళ్ళు పాడుతలేరు చెల్లె, తాళం తప్పకుంట కొట్లాడుతున్నరు. మనకు గిది కొత్తనా ఏంది? మా వాడకట్టుల ఆడోళ్ళు నల్లా కాడ గిట్లనే కొట్లాడుతరు” అనేవాడు. తల్లి నేసేటప్పుడు మగ్గం చప్పుడు ఫోన్లో పట్టుకొచ్చి దాని మీద మాటలు కట్టాడు. ఆదివారాలు చైతన్యపురిలో ఒక హాస్టలు డాబా మీద టోపీలు వెనక్కి తిప్పుకున్న కుర్రాళ్ళంతా ఆయన చుట్టూ చేరేవారు.

నేను అక్కడికి ఎలా చేరానంటే, నోరు మూసుకుని చేరాను. మాది గుడివాడ వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్న కుటుంబం. తెలంగాణ ఉద్యమం రోజులు. “బయట నోరెత్తకే తల్లీ, మన మాట వింటే ఇట్టే పట్టేస్తారు” అని మా అమ్మ రోజూ గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పేది. యాదన్న దుకాణంలోనూ కార్డు చేతిలో పెట్టి, కావలసిన పాట పేరు మీద వేలు పెట్టి చూపించేదాన్ని. ఒకరోజు ఆయనకు చిర్రెత్తింది. “నోట్లె నాలిక లేదా?” అన్నాడు. ఉందన్నాను. ఆ ఒక్క మాటతోనే నేనెక్కడిదాన్నో ఆయనకు తెలిసిపోయింది. “మరి గట్లనే మాట్లాడు. నా మాట నేను మాట్లాడనీకే గద గింత లొల్లి చేస్తున్న. నిన్ను మూగదాన్ని చేస్తే గా లొల్లికి అర్థమేమున్నది?” అన్నాడు. ఆ ఆదివారం నన్ను డాబా మీద నిలబెట్టి వంత పాడించాడు. కుర్రాళ్ళు నా యాసకు నవ్వారు, నేనూ వాళ్ళ యాసకు నవ్వాను, అక్కడితో సరి.

ప్రతి ప్రశ్న తర్వాతా ఆయన పాట ఆపి ఖాళీ వదిలేవాడు. “అంత నువ్వే మాట్లాడితే గది ఉపన్యాసం అయితది. జర జాగ ఇడ్వాలె. గా జాగల జనం ఒస్తరు” అనేవాడు. “ఎవలు లేరన్నరు?” అని ఆయన అడిగితే “మేమున్నం!” అని డాబా అదిరిపోయేలా అరిచేవాళ్ళం.

ఆ పాట కట్టిన కొన్నాళ్ళకే ఆయన గొంతులో గడ్డ అన్నారు. దవాఖానలో స్వరపేటిక తీసెయ్యాలన్నారు. చేరబోయే ముందు పట్టపగలే దుకాణం షట్టరు దించుకుని, ఒక్కడే, ఖాళీలను ఖాళీలుగానే వదిలి పాట రికార్డు చేశాడు. మనిషి మంచం మీద ఉండగానే పాట ఫోను నుంచి ఫోనుకు పాకింది. తిరిగొచ్చేసరికి మెడకు రంధ్రం, దాని మీద తల్లి నేసిన చేతిరుమాలు. మాట లేదు. చెప్పాలనుకున్నది ఫోన్లో కొట్టి చూపించేవాడు. ఆయన పక్కన దిల్‌సుఖ్‌నగర్‌లో నడవడమంటే నాకు భయంగా ఉండేది. ఆటోల్లోంచి, దీక్షా శిబిరాల్లోంచి ఆయన గొంతే “ఎవలు లేరన్నరు?” అని అడుగుతుండేది. ఎవరో పిలిచినట్టు ఆయన తలెత్తేవాడు. ఖాళీ వచ్చినప్పుడు రుమాలు కింద నుంచి సన్నగా గాలి చప్పుడు వినిపించేది.

ఒకనాడు చైతన్యపురి మలుపులో ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం. నిలువెత్తు ఫ్లెక్సీ మీద యాదన్న ఫోటో, దానికి బంతిపూల దండ, కింద ‘అమరుడు యాదన్నకు జోహార్లు’ అని. పాడినవాడు సభల్లో ఎక్కడా కనబడటం లేదు, పాడటమూ లేదు, కనుక ఉద్యమం కోసం ప్రాణం ఇచ్చేసి ఉంటాడని ఎవరో అనుకున్నారు, ఆయన్ని ఎరగని ఊరంతా నమ్మేసింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. యాదన్న మాత్రం దగ్గరికి వెళ్ళి వంకరగా ఉన్న దండను సరిచేసి, ఫోన్లో ‘ఫోటో మంచిగొచ్చింది’ అని కొట్టి చూపించాడు. నవ్వుతున్నాడని భుజాలు ఊగితేనే తెలిసింది, చప్పుడేమీ లేదు.

ఆ ఫ్లెక్సీ కట్టినవాడు శ్రీను, డిగ్రీ చదివే హాస్టలు విద్యార్థి. మమ్మల్ని చూసి పరుగున వచ్చి యాదన్నకు చేతులు జోడించాడు. “నువ్వు అన్న తమ్మునివా? అచ్చం గాయన తీరుగనే ఉన్నవు” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మెల్లగా, ఎంతో ఇష్టంగా అన్నాడు: “మీ అన్నది అదృష్టం. బతికున్నన్నాళ్ళు ఎవలకెరుక? సచ్చినంకనే గద పాట గింత పెద్దగైంది. మాకు గూడ గసొంటి రాత ఉంటే మంచిగుండు.”

యాదన్న భుజాలు ఊగడం ఆగిపోయింది. శ్రీను వెళ్ళాక ఫోన్లో కొట్టిన మాటలు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. ‘నా పాట పోరలకు సచ్చుడు నేర్పుతున్నది. నేను బతికున్న అని చెప్పాలె. ఇంకొకడు పోకముందే చెప్పాలె.’ ఎలా చెబుతావన్నా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో సభ. అమరుడికి నివాళి అని ఆయన పాటే పెట్టారు. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. మగ్గం మొదలయ్యింది. యాదన్న నా చెయ్యి పట్టుకుని వేదిక మెట్లెక్కి, దండ వేసిన తన ఫోటో పక్కన నిలబడ్డాడు. ముందు వరసలో ఒకావిడ కెవ్వుమంది. జనం ఫోటోను చూస్తారు, మనిషిని చూస్తారు. గొంతేమో స్పీకరు పెట్టెల్లోంచి వస్తోంది, మనిషి పెదవులు కదలడం లేదు. దయ్యాన్ని చూసినట్టు నాలుగడుగులు వెనక్కి జరిగారు. “ఎవలు లేరన్నరు?” అంది పాట. రోజూ ఊరంతా అరిచే జవాబు ఆ రోజు ఒక్కరి నోటా రాలేదు. ఉత్త మగ్గం ఆడింది. ఆయన నా వైపు చూశాడు. అమ్మ మాట గుర్తొచ్చింది, నోరెత్తకే తల్లీ అని. అంత జనంలో, ఆ వేదిక మీద, నా యాసతోనా? పాట మళ్ళీ అడిగింది. మళ్ళీ ఖాళీ. మైకు లాక్కుని అరిచేశాను. “ఉన్నాడు! ఇదిగో, ఇక్కడే ఉన్నాడు!”

యాదన్న మెడ మీది రుమాలు తీసేసి, శ్రీనును వేలితో పైకి పిలిచాడు. వాడు మెట్లెక్కి వచ్చాడు. వాడి అరచేతిని తన మెడ దగ్గర, శ్వాస వెళ్ళేచోట పెట్టుకున్నాడు. వాడు ఏడుస్తూ మైకులోనే అన్నాడు: “వెచ్చగున్నది రా! ఊపిరి వెచ్చగున్నది! అన్న బతికే ఉన్నడు!” అప్పుడు లేచింది అరుపు, దండలు తెంపేశారు, ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. నా యాస సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ సభలో ఎవరో మొదటి నుంచీ ఫోన్లో పట్టిన రికార్డింగే, నా అరుపుతో సహా, తర్వాత అసలు పాటగా నిలిచిపోయింది.

ఆ తర్వాత ఆయన మాట లేకుండానే ఇంకా చాన్నాళ్ళు బతికాడు, కుర్రాళ్ళకు చేతులతో తాళం వేసి పాట నేర్పాడు. నిజంగా పోయిన రోజు ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టలేదు. “మళ్ళ కడితే అన్న దిగొచ్చి చింపుతడు అక్కా” అన్నాడు శ్రీను, పెళ్ళాం పిల్లలతో వచ్చి. తల్లి ఆ రోజు మగ్గం ఆపి మళ్ళీ ఎక్కలేదు. ఇప్పుడు ఆ తల్లీ లేదు, మగ్గమూ లేదు. క్లాసులో ప్రశ్న అడిగి నేను ఆగుతాను. ఎంతసేపైనా సరే జవాబు నేను చెప్పను. పిల్లలు విసుక్కుంటారు, తోటి లెక్చరర్లు సిలబస్ ఎలా పూర్తవుతుందమ్మా అంటారు. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఏ చివరి బెంచీ నుంచో గొంతు సవరించుకునేదాకా ఆ ఖాళీని అలాగే ఉంచుతాను.

ఆటోలో పాట అయిపోయి మళ్ళీ మొదలైంది. “గీ పాట మస్తుంటది మేడం. గా అన్న ఇప్పుడెక్కడుంటడో ఏమో” అన్నాడు డ్రైవరు, అద్దంలో నన్ను చూస్తూ. పోయాడు బాబూ అని చెబుదామని నోరు తెరిచాను. బొంగురు గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. నా తల వెనక మగ్గం ఆడుతోంది. యాదన్న అడిగాడు, ఆగాడు. ఆ ఖాళీలో నా గొంతే, ఆనాటి గొంతు, డ్రైవరుకు జవాబు చెప్పింది. “ఉన్నాడు! ఇదిగో, ఇక్కడే ఉన్నాడు!”

డ్రైవరు ఇంకా అద్దంలో చూస్తూనే ఉన్నాడు. ఔనన్నట్టు తలూపాను.