పెన్న పుట్టిన చోటు

నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చే చుట్టాలు నా ఎదుట నోరు విప్పడానికి జంకేవారు. పదేళ్ల పిల్లకు భయపడటమేమిటని నవ్వకండి. నేను అలాంటి పిల్లను మరి! బడిలో బహుమతిగా ఇచ్చిన జనరల్ నాలెడ్జి పుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది. దేశాల రాజధానులు, రాజుల వంశాలు, వీణకు ఎన్ని తీగలు, ఏ మాటకు ఎన్ని అర్థాలు, అన్నీ కంఠతా వచ్చు. ఎవరు పొరపాటు మాట అన్నా దిద్దకుండా ఊరుకునేదాన్ని కాదు. ఒకసారి మా పెద్దమామ ఢిల్లీలో తాజ్‌మహల్ చూసొచ్చానని పదిమందిలో గొప్పగా చెబుతుంటే, అది ఢిల్లీలో లేదు, ఆగ్రాలో ఉందని అడ్డం పడ్డాను. పాపం, ఆయన కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఆ రోజు అమ్మ తల పట్టుకుంది. "ఈ నోటితో నువ్వు ఎట్ల బతుకుతావే తల్లీ" అంది. తప్పును తప్పంటే తప్పా అని నేను ఎదురు అడిగాను. అమ్మ అప్పటికే మంచం పట్టి ఉంది. ఏ జబ్బో నాకెవరూ చెప్పలేదు. నాలుగు మాత్రలు మింగితే లేచి తిరుగుతుందిలే అనుకునేదాన్ని.

మా పెనుకొండ ఇంట్లో రేడియో లేదు. ఆదివారం మధ్యాహ్నాలు పక్కింటి అక్క వాళ్ల రేడియోలో ప్రశ్నల కార్యక్రమం వినేవాళ్లం. ఒక ప్రశ్న అడిగేవారు. జవాబు కార్డు మీద రాసి పంపితే, సరిగా రాసినవాళ్లలో కొందరి పేర్లు ఊరితో సహా ఆపై వారం చదివేవారు. నా పేరు అలా రేడియోలో రావాలని నాకు ఎంత పిచ్చిగా ఉండేదో చెప్పలేను.

ఒక వారం పెన్నా నది ఎక్కడ పుడుతుందని అడిగారు. నా పుస్తకంలో గంగ ఉంది, గోదావరి ఉంది, ఎక్కడో ఉన్న నైలు నది కూడా ఉంది గానీ మన పెన్న లేదు. వచ్చి అమ్మకు చెబితే మంచంలోనే లేచి కూర్చుంది. ఆమె పుట్టిల్లు హిందూపురం అవతల, పెన్న ఒడ్డున. "పెన్న మా ఊర్లోనే పుడతాది పాపా. మా ఊరెనక గుట్టల్లో. ఆ ఇసకలో చెలమలు తోడుకోని నీళ్లు తాగినోళ్లం, మాకు తెలీదా?" అంది. చాన్నాళ్లకు ఆ ముఖంలో కళ చూశాను. అక్షరం తప్పు పోకుండా తన ఊరి పేరు నా చేత రాయించింది. ఆ వారమంతా చూడవచ్చినవాళ్లకల్లా, మా ఊరి పేరు రేడియోలో వస్తుందని చెప్పుకుని మురిసిపోయింది.

తీరా ఆదివారం వచ్చేసరికి అక్క వాళ్ల రేడియో చెడిపోయి, రిపేరుకని హిందూపురం పోయింది. నా గోల పడలేక తాతయ్య నన్ను బస్టాండు పక్కనున్న కాఫీ హోటలుకు తీసుకెళ్లాడు. అక్కడి రేడియోలోనే విన్నాను. పెన్న పుట్టేది కర్ణాటకలో, నంది కొండల్లో అన్నారు. తరవాత పేర్లు చదివారు. రొద్దం నుంచి ఎవరో, గోరంట్ల నుంచి ఎవరో. నా పేరు లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంటికి పోయి అమ్మను కడిగేద్దామని లేచాను. తాతయ్య నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "మీ అమ్మకు ఏం చెప్తావు మే?" అని ఒక్కమాట అడిగాడు. తప్పు చెప్పిందని చెప్తా, తెలియకపోతే తెలియదని అనుండొచ్చు కదా అంటా, అన్నాను. ఆయన నన్ను కోప్పడలేదు. కొంచెం తొందరగా నడిచాడు, అంతే.

గడప దాటీ దాటగానే, నేను నోరు తెరిచేలోపు, ఆయనే అందుకున్నాడు. "నీ జవాబే కరెక్టంటమ్మా. కార్డులు మూటలు మూటలు వచ్చినాయంట. చీట్లేసి తీసినారు. పాప చీటీ రాల్యా" అన్నాడు. తాతయ్య అబద్ధమాడగా నేను ఎన్నడూ వినలేదు. ఆయన నా వైపు చూడకుండా కండువా కొయ్యకు తగిలిస్తూ నిలబడ్డాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "ఔనా పాపా? నువ్వూ విన్నావా?"

నంది కొండలన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు దుప్పటి మీదున్న అమ్మ చెయ్యి చూశాను. మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి. రోజూ చూసే చెయ్యే. ఆ పూటే నాకు కనబడింది. ఇంత పుస్తకం బట్టీ పట్టాను గానీ, మా అమ్మ ఇక లేవదన్న సంగతి నాకు తెలియలేదు.

"విన్నా మా. మీ ఊరి పేరు రెండు సార్లు చెప్పినారు" అన్నాను.

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. కళ్లు తుడుచుకుంది. సంతోషం కాబోలు అనుకున్నాను. ఆ నెల తిరక్కుండానే పోయింది.

చాలా ఏళ్లకు మా అమ్మాయి పెళ్లి చీరకని ధర్మవరం వెళ్లాను. పక్కింటి అక్కను అక్కడే మగ్గాల ఇంటికి ఇచ్చారు. పాత మాటలు దొర్లుతుంటే రేడియో సంగతి వచ్చింది. అక్క నా ముఖంలోకి చూసి, ఇన్నేళ్లూ దాచిన మాట చెప్పింది. "ఆ పొద్దు మా రేడియో మద్యాన్నం బస్సుకే వచ్చేసింది. మీ యమ్మ ఇంటాదని నేనే తెచ్చి మంచం మింద పెట్టినా. నంది కొండలని చెప్పింది కూడా ఇనింది. పాప నామింద అరుచుకుంటా వస్తాది, ఏమంటాదో చూస్తా, నేను ఇన్నట్ల చెప్పొద్దు, రేడియో తీసుకోని పో అనింది."

ఆ సాయంత్రం అక్క మళ్లీ వెళితే, అమ్మ నవ్వుతూనే ఏడుస్తూ ఉందట. "నా బిడ్డకు నాకోసరం అబద్దం చెప్పేంత మనసొచ్చిందే. ఇంక నాకు బెంగ లేదు" అందట.

చీర ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చేశాను. నచ్చలేదేమోనని మగ్గం మీదున్నవాళ్లు కంగారు పడ్డారు.

ఎవరైనా తప్పు మాట్లాడితే ఈ వయసులోనూ నా నాలుక దురద పెడుతుంది. పుట్టుబుద్ధి, ఎక్కడికి పోతుంది? అలాంటప్పుడు ముందు వాళ్ల చేతుల వైపు చూస్తాను. దిద్దాలో వద్దో ఆ తరవాత ఆలోచిస్తాను. మొన్న నా మనవరాలు క్విజ్‌కు చదువుకుంటూ, పెన్న ఎక్కడ పుడుతుంది అవ్వా అని అడిగింది. నంది కొండల్లో అని సరిగ్గానే చెప్పాను. చదువుకునే పిల్లకు తప్పు చెప్పలేను కదా. కానీ ఆ జవాబు చెప్పిన ప్రతిసారీ, ఆ రోజు మింగేసిన మాటను అమ్మ ముఖం మీదే అన్నట్టు ఉంటుంది.