నడుములో ఆరో పూస

1984 జూలైలో కలకత్తాలోని ఒక వైద్య కళాశాల అనాటమీ విభాగంలో నన్ను టెక్నీషియన్‌గా వేశారు. అప్పటికింకా ప్రొబేషనే. విడి ఎముకలను శుభ్రం చేసి, వరస తప్పకుండా కూర్చి, అస్థిపంజరంగా నిలబెట్టడం నా పని. కళ్లు మూసుకుని తడిమి అది ఏ ఎముకో, దాని తాలూకు మనిషి ఏ పాట పాడుకునేవాడో కూడా చెప్పేవాణ్ణి. పాట సంగతి అబద్ధం. కళ్లు మూసుకోవడం నిజమే. మధ్యాహ్నం భోజనమయ్యాక అవి వాటంతటవే మూసుకునేవి.

వెన్ను కట్టడానికి ఒక పద్ధతి ఉంది. అన్నిటికంటే కింద త్రికాస్థి, అంటే తుంటి ఎముకల మధ్య ఉండే ముక్కోణపు ఎముక. అందులో ఇత్తడి కడ్డీ నిలిపి నడుము పూసలు ఐదు, ఛాతీ పూసలు పన్నెండు, మెడ పూసలు ఏడు ఎక్కించాలి. పూసకూ పూసకూ మధ్య మెత్తటి ఫెల్టు బిళ్ల. ఛాతీ పూసలకు పక్కటెముకలు ఆనే చిన్న గుంటలుంటాయి, నడుము పూసలకు ఉండవు. పక్కటెముకలు పన్నెండు జతలు. పై ఏడూ నేరుగా రొమ్ము ఎముకను చేరతాయి, తరవాతి మూడు తమ పైదాన్ని పట్టుకుంటాయి, చివరి రెండూ ముందువైపు ఎవరినీ పట్టుకోవు.

అప్పుడు ముసురు. వారం రోజులుగా ఎండ లేదు. కిటికీ కింద ఇద్దరి పూసలు పక్కపక్కనే ఆరుతున్నాయి. వాటి వెనక పెన్సిలుతో వేసిన గుర్తులు తేమకు చెరిగిపోయాయి. గది నిండా తడిసిన తెల్లని వెలుగు, ఎక్కడో ట్రాము గంట. పక్కటెముకల గూడు గంగ ఒడ్డున సగం కట్టి వదిలేసిన పడవలా ఉండేది. నేనందులో కూర్చుని వానలోంచి ఎటో తేలిపోతున్నట్టు ఉండేది. అలా తేలుతూనే ఒక వెన్ను కట్టేశాను. మర్నాడు అది వైవా బల్ల మీదకు వెళ్లింది.

లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా తెలుగు ఫిట్టరు కూతురు ఎస్తేరు ఆ పరీక్షకు రెండోసారి కూర్చుంది. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తానని తండ్రి చెప్పేశాడు. నాలుగో నడుము పూస చూపమంటే, ఐదింటిలో అది కింద నుంచి రెండోది కనుక, ఆమె కింద నుంచి లెక్కపెట్టి చూపింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు చివరి పక్కటెముక దగ్గర్నుంచి కిందికి లెక్కపెట్టి, వేరే పూస మీద వేలు పెట్టి, తప్పని ఆమెను పంపేశారు. ఎస్తేరు తిన్నగా నా గదికొచ్చింది.

“బాబాయ్, నడుంకాడ ఆరున్నాయి.”

“ఆరేటే? నాను కట్టిందే! నీకు భయానికి కళ్లు తిరిగుంటాయి.”

“నా కళ్లు బాగానే ఉన్నాయి. నువ్వొచ్చి లెక్కెట్టు. మా నాన్నకి ఏటి చెప్పమంటావ్?”

వెళ్లి లెక్కపెట్టాను. ఆరు.

నన్ను ఖాయం చేసే కాగితం ఆ సాయంత్రమే విభాగాధిపతి సంతకానికి వెళ్లాలి. నేను వెన్నును భుజాన వేసుకుని పరీక్షకుడి భోజనాల గదిలోకి వెళ్లి, తప్పు ఒప్పుకున్నానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. భుజాన వేసుకున్నది నిజం. ఒప్పుకోలేదు. ఆరు నడుము పూసలతో పుట్టేవాళ్లు అరుదుగా ఉంటారు కనుక, ఇది అలాంటి నమూనా, ముందు చెప్పడం మరిచాను సార్ అన్నాను. పిల్లా గట్టెక్కుతుంది, నేనూ గట్టెక్కుతాను.

ఆయన చేపముల్లు పక్కన పెట్టి చేయి కడుక్కున్నారు. కడ్డీ మర వదులు చేయించి, ఒక్కో పూసనూ కింది దాని మీద ఆనించి మెల్లగా తిప్పారు. వెనకవైపు కీళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మూడోది మాత్రం పైనా పట్టలేదు, కిందా పట్టలేదు.

“దాదా, ఒక మనిషి నడుములో ఇంకో మనిషిని కూర్చోబెట్టావే,” అన్నారు బెంగాలీలో, నవ్వకుండా.

ఎస్తేరును మళ్లీ పిలిపించారు. ఈసారి ఆమె కింద నుంచి ఒకసారి, అడగకుండానే పై నుంచి ఒకసారి లెక్కపెట్టి చూపింది. పాసయింది. నా కాగితం ఏడాది ఆగింది. పూస తప్పినందుకు కాదు, అరుదైన నమూనా అన్నందుకని విభాగాధిపతి స్పష్టంగానే చెప్పారు.

నేను నేర్చుకున్నది ఇంతే. లెక్క సరిపోతే చాలదు. కడ్డీ ఎక్కించే ముందు ప్రతి పూసనూ కింది పూస మీద పెట్టి తిప్పి చూడాలి. ఒకే మనిషివైతే పట్టుకుంటాయి, కాకపోతే ఊగుతాయి. పదవీ విరమణ దాకా అలాగే చేశాను. ఒకట్రెండుసార్లు తప్ప.